మా అన్నయ్యకు లేని కూతురు

మా వీధిలో కాగితం చదివి సంతకం పెట్టడమంటే, రాసినవాళ్ళను మొహం మీదే అనుమానించినట్టు లెక్క. కుళాయి నీళ్ళ గురించైనా, వీధి దీపం గురించైనా, సంఘం తరఫున ఏది రాయాలన్నా రాసేది నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయనీ, బట్టలు కుట్టే మనిషిని కాబట్టి కొలత తప్పననీ వాళ్ళ నమ్మకం. కాగితం ముందు పెడితే "నువ్వు రాశాక మేం చదివేదేంటి?" అని పెన్ను అడుగుతారు. కొత్తగా అద్దెకు దిగిన ఒకాయన ఒకసారి మొదటినుంచి చదవబోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూసిన చూపుకి పాపం మధ్యలోనే ఆపేసి, సంతకం గీకి ఇచ్చాడు. ఈ మర్యాదే మా కొంప ముంచింది.

వీధి చివర ఒక గోదాము ఉంది. పెద్ద రోడ్డు నుంచి లారీలు దానికి పోవాలంటే మా వీధే దారి. రెండు పక్కలా గుమ్మాలు. ఒక లారీ వచ్చిందంటే మనుషులు గోడకి అంటుకుని నిలబడాల్సిందే. పిల్లలు బడికి వెళ్ళే వేళా, తిరిగి వచ్చే వేళా లారీలు రాకూడదని పాత ఉత్తర్వు ఒకటి ఉంది. దాన్ని ఎత్తేయమని గోదామువాళ్ళు మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టారు. అభ్యంతరాలుంటే చెప్పుకోమని ఆఫీసువాళ్ళు ఒక నోటీసు తెచ్చి కరెంటు స్తంభానికి, ఎవరి కంటికీ ఆననంత ఎత్తులో, అంటించి చేతులు దులుపుకున్నారు.

మా అన్నయ్య దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆ "రాసేవాడు" అన్న మాట అనాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నిచ్చెన ఎక్కాలంటే రెండు కాళ్ళు కావాలి. పోయినేడాది సరిగ్గా బడి వేళకి ఒక లారీ వీధిలోకి దూరింది. అన్నయ్య రంగు డబ్బా పక్కన పెట్టి దానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. టైము కాదు, వెనక్కి తియ్యమన్నాడు. డ్రైవరు హారను కొట్టాడు. అన్నయ్య కదల్లేదు. బెదిరిద్దామని డ్రైవరు బండిని కొంచెం ముందుకు తోశాడు. ఆ కొంచెం ఎక్కడ ఆగాలో వాడికి తెలియలేదు. అన్నయ్య ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు.

కావాలనే నిలబడ్డాడని మేము బయట అనలేదు. లారీని అడ్డగించినందుకు ఆయన మీదే కేసు పెడతారని వదిన భయపడింది. రంగు ఒలికి జారి లారీ కింద పడ్డాడని పోలీసులకు చెప్పాం. చూసినవాళ్ళు చూశారు గానీ, వాళ్ళూ మా మాటే అన్నారు. ఇప్పుడు ఆ ఉత్తర్వు కూడా పోతే, ఆ కాలు దేనికి పోయినట్టు? అన్నయ్య ఈ ప్రశ్న నోటితో అడగలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, బడి గంటకు ముందు గోడ గడియారం వైపు చూసేవాడు. ఆ చూపు చూశాక నేను ఊరుకోలేకపోయాను.

ఆ మధ్య ఏదో సంస్థవాళ్ళు మాలాంటి వీధి సంఘాలకు ఒక శిక్షణ పెట్టారు. ఏఐని పెట్టుకుని హక్కులు ఎలా అడగాలో నేర్పుతామన్నారు. నేర్పిన అమ్మాయి మంచిదే, ఓపికున్నదే. ఫోనులో మాట్లాడితే చాలు, అర్జీ అదే రాసిపెడుతుందని చేసి చూపించింది. మీ గొంతు ఎన్నో రెట్లు పెద్దదవుతుందని ఊరించింది. వెళ్ళేముందు "పంపేముందు మాత్రం ప్రతి ముక్కా చదువుకోండి. అది లేనివి కూడా ఉన్నట్టు రాసేస్తుంది" అని కూడా అంది. అప్పటికి అందరూ లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. నేను మాత్రం విన్నాను. విని, ఆ జాగ్రత్త మాకు కాదులే అనుకున్నాను.

నా ఫోనులో పెట్టుకున్న ఆ ఏఐకి మా సంఘం అధ్యక్షుడు "గుమాస్తా" అని పేరు పెట్టాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. దేనికి ఒప్పుకున్నా "రైట్ రైట్" అంటాడు కాబట్టి ఆయనకు వీధి పెట్టిన పేరు అదే. నేను మాత్రం బాబాయ్ అంటాను.

మొదటిసారి గుమాస్తాచేత ఒక్క అభ్యంతరం రాయించి, ఇంటికో కాపీ తీసి, అందరిచేతా సంతకాలు పెట్టించాం. అందరూ ఒకే మాట గట్టిగా అంటేనే కదా బలం అనుకున్నాం. ఆఫీసు నుంచి జవాబొచ్చింది. అన్నీ ఒకే నమూనాలో ఉన్నందున కలిపి ఒక్క అభ్యంతరంగా పరిగణించారట. వీధి వీధంతా కలిపితే ఒక్క మనిషట! గోదాము ఓనరు కూడా ఒక్క మనిషే. సరికి సరి అయిపోయిందట!

"అయితే ఒక్కోటి ఒక్కోలా రాయిద్దాం," అన్నాడు బాబాయ్.

"రైట్ రైట్," అన్నాను కసిగా.

బడులు తెరిచే రోజులు. నా షాపు నిండా యూనిఫాములు, మెడ మీద టేపు, నోట్లో గుండుసూదులు. పని మధ్యలోనే ఫోను పట్టుకుని ఒక్కొక్కరి గురించి ఒక్కో ముక్క చెప్పాను. పక్కింటి నర్సు పిన్నికి దుమ్ముతో దగ్గు. బాబాయ్‌కి హారన్లతో నిద్ర లేదు. అన్నయ్యకు బడి వేళ లారీ కింద కాలు పోయింది. ఇంతే చెప్పాను. చివర్లో మాత్రం "చదివితే మనసు కరగాలి" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

చిటికెలో కుప్ప పోసింది గుమాస్తా. పైన రెండు మూడు చదివితే నాకే కళ్ళు చెమర్చాయి. మిగతావి చదివే తీరిక లేదు. అందరూ వచ్చారు, వరసగా సంతకాలు పెట్టారు. అన్నయ్య కాగితం వదిన తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. చెల్లెలు రాసింది అన్నయ్య చదవడమేంటి? ఆయనా పెట్టేశాడు.

విచారణ మున్సిపల్ ఆఫీసు మేడ మీద. లిఫ్టుకి "మరమ్మతులో ఉంది" అని ఎప్పటిదో అట్ట వేలాడుతోంది. ఆ అట్ట మీది అక్షరాలు కూడా ఒకప్పుడు అన్నయ్య రాసినవే. మెట్లెక్కలేడు కాబట్టి ఆయన రాలేదు, బదులుగా వదిన వచ్చింది. వదిన ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, ముందు వరసలో కూర్చుంది.

విచారణ అధికారి మంచి మనిషిలాగే కనిపించాడు. గోదాము లాయరు అంతకంటే మంచివాడిలా కనిపించాడు. అతను లేచి, అన్నయ్య కాగితం తీసుకుని, వదిన వైపు తిరిగి ఎంతో మెత్తగా అడిగాడు.

"అమ్మా, ఇది మీవారి వాంగ్మూలమే కదా?"

"అవునండి."

"సంతకం ఆయనదే?"

"ఆయనదేనండి."

అతను కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "'ఆ ఉదయం నా చిట్టితల్లి చేయి పట్టుకుని బడికి నడిపిస్తున్నాను. మృత్యువులా దూసుకొచ్చిన లారీ నుంచి నా బంగారాన్ని పక్కకు తోసి, నేను దాని చక్రాల కింద పడ్డాను.' చాలా బాధాకరమమ్మా. మీ అమ్మాయి ఏ తరగతి చదువుతోంది?"

వదినకి పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆసుపత్రులు చాలా కాలం నడిచాయి. ఆ తర్వాత ఒకరోజు ఇద్దరూ ఆ మాట ఎత్తడం మానేశారు. మేమూ మానేశాం. మా ఇంట్లో పిల్లల మాట వస్తే గొంతు తగ్గించి మాట్లాడతాం. అలాంటి మనిషిని నిండు హాల్లో నిలబెట్టి, నీ కూతురు ఏ తరగతి అని అడిగించాను నేను.

వదిన కాగితం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. కోపంగా కాదు. తెలియక అడుగుతున్నట్టు చూసింది.

"చెప్పండమ్మా. ఏ బడి?"

"మాకు పిల్లల్లేరండి," అంది వదిన.

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వినవాడి నోట్లో నా కత్తెర దింపాలనిపించింది. లాయరు మాత్రం నవ్వలేదు. ఇంకో కాగితం తీశాడు.

"నర్సుగా పనిచేసి రిటైరైనవారు ఎవరండీ? మీరేనా? ఇందులో మీ మనవడు ఈ దుమ్ముకి ఊపిరాడక మీ చేతుల్లో కొట్టుమిట్టాడాడని ఉంది. ఇప్పుడెలా ఉన్నాడు?"

నర్సు పిన్ని లేచి నిలబడింది. "నాకు పెళ్ళే కాలేదు నాయనా, మనవడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?"

ఈసారి హాలంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాపుకుని, బల్ల మీద చేత్తో తట్టి, ఇవన్నీ యంత్రం అల్లిన కథలనీ, ఒక్కటి కూడా పరిగణనలోకి తీసుకోవడం కుదరదనీ తేల్చేశాడు. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చే సిట్టింగుకి ఎవరికి వారు స్వయంగా వచ్చి నోటితో చెప్పుకోవచ్చన్నాడు. అదీ పనివేళల్లో. రోజు కూలి పోగొట్టుకుని ఎవరొస్తారులే అన్న ధీమా అది.

గోదామువాళ్ళ అర్జీ కూడా ఇలాంటి గుమాస్తా ఎవరో రాసిందేనని నేను ఒట్టేసి చెప్పగలను. అవే నున్నటి వాక్యాలు, పేజీకి నాలుగు "సమగ్రం"లు, నాలుగు "సుస్థిరం"లు. దాన్ని మాత్రం ఎవరూ ఎత్తి చదవలేదు. వాళ్ళకు మనసులు కరిగించాల్సిన పని లేదు కాబట్టి అబద్ధపు కూతుళ్ళు అవసరం పడలేదు. ఏడ్చి చూపించాల్సిన ఖర్మ మాకే.

తిరిగి వస్తుంటే వదిన నాకంటే ముందు నడిచింది. నేను రెండుసార్లు "వదినా" అన్నాను. "బస్సొస్తోంది చూడు" అంది, అంతే.

ఇంటికి వెళ్ళేసరికి సంగతి మాకంటే ముందే అన్నయ్యకు చేరిపోయింది.

"నాకు కూతురు పుట్టిందటగా? ఏం పేరు పెట్టావే?" అన్నాడు.

"అన్నయ్యా, నేను అలా చెప్పలేదు. అదే కల్పించి..."

"చదువు. పైకి చదువు."

చదివాను. చిట్టితల్లీ, బంగారం, మృత్యువు, అన్నీ చదివాను. వదిన వంటగదిలో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడుగుతోంది. అన్నయ్య చివరిదాకా విన్నాడు.

"బాగా రాసింది ముండమోపి. ఇంత మంచోణ్ణి నేనెప్పుడయ్యాను?" అన్నాడు. తర్వాత కుర్చీ చెయ్యి మీద గుద్దాడు. "నేను నిలబడ్డానని ఎందుకు రాయలేదు?"

"నువ్వే కదా చెప్పొద్దన్నావ్."

"నేనన్నానా? మీరన్నారు. అందరూ కలిసి నన్ను రంగు మీద జారి పడేశారు. పని చేతకానోడిలా! రంగు డబ్బా మూత పెట్టి మరీ వెళ్ళి నిలబడ్డానే నేను!"

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే అందరినీ షాపుకి పిలిచాను. యూనిఫాముల గుట్టల మధ్య, ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చున్నారు. కాగితాలన్నీ ఒక్కొక్కటే పైకి చదివాను. మా వీధిలో ఇలా చదవడం అదే మొదటిసారి. నిన్న మనవడి గురించి నవ్వినవాళ్ళకి ఈరోజు నవ్వు రాలేదు, తమ వంతు వచ్చింది మరి.

"హారన్ల మోతకి పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చానా?" అని బాబాయ్ లేచాడు. "నేనా? డ్యూటీలో జనం చొక్కా చింపినా ఏడవనివాణ్ణి!"

"నాది బాగానే ఉంది, ఉంచెయ్యి," అంది పాతసామాన్లు కొనే ఆవిడ. ఆవిడ కాగితంలో ఆవిడ ఒకప్పుడు పాటలు పాడేదని ఉంది.

"నువ్వెప్పుడు పాడావే?" అంది నర్సు పిన్ని.

"పాడలేదు. వింటుంటే బాగుంది."

తర్వాత తిట్ల వాన. నన్ను, గుమాస్తాని, శిక్షణ ఇచ్చిన అమ్మాయిని, చదవకుండా సంతకం పెట్టిన తమని తాము, వరసబెట్టి తిట్టుకున్నారు. ఫోను పగలగొడతానని బాబాయ్ చెయ్యెత్తితే, అది నా ఫోను అని లాక్కున్నాను. అందరూ అలిసిపోయాక గోదామువాళ్ళ అర్జీ బయటికి తీశాను. లావాటి కట్ట. ఆఫీసు భాష మాకెవరికీ కొరుకుడుపడదు. గుమాస్తాకి దాన్ని చూపించి, ఇందులో ఉన్నది ఉన్నట్టు, మా మాటల్లో చెప్పమన్నాను. నీ సొంత కవిత్వం వద్దన్నాను. ఏ పేజీలో ఉందో కూడా చెప్పమని, అది చెప్పినచోటల్లా కట్ట తిప్పి మేమే చూసుకున్నాం. ఈసారి ఒక్క ముక్క కూడా దాని మాట మీద వదల్లేదు.

అందులో ఒకచోట, ఈ వీధిలో వాహనాల వల్ల ప్రమాదాలేవీ నమోదు కాలేదనీ, పోయినేడాది ఒక వ్యక్తి తన పొరపాటున జారి పడిన సంఘటన మాత్రమే ఉందనీ రాశారు.

మేము అన్న మాటే. మేము పోలీసులకు చెప్పిన మాటే. దాన్ని తీసుకెళ్ళి మా మీదికే లారీలా తోలారు. నాకు అరవాలనిపించింది. కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు.

ఫోను తీసుకుని గుమాస్తాతో అన్నాను. "నువ్వు రాయకు. అడుగు. ఒక్కొక్కరినీ అడుగు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు దించు. ఒక్క మాట కలిపినా ఊరుకోను."

"తప్పకుండా! ఇది చాలా మంచి ఆలోచన," అంది గుమాస్తా. మా బతుకు బుగ్గిపాలు చేసినప్పుడు కూడా ఇలాగే మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాద వింటే నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

మొదట నర్సు పిన్నిని అడిగింది. లారీ ఆయన కాలు మీదికి ఎక్కినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు, ఏం చూశారు అని.

ఆ ప్రశ్న వీధిలో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎదురుపడితే అన్నయ్యకి ఎలా ఉందని అడిగారు, పళ్ళు తెచ్చిచ్చారు. ఆరోజు నువ్వెక్కడున్నావని మేము ఎవరినీ అడగలేదు, ఎలా అడుగుతాం? రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్ళం. గుమాస్తాకి మొహమాటం లేదు. దానికి మొహమే లేదు.

"గుమ్మంలో ఉన్నాను," అంది పిన్ని చివరికి. "చూశాను. వెళ్ళి చెయ్యి పట్టుకు లాగొచ్చు. లాగలేదు. ఎవరైనా వెళ్తారులే అనుకున్నా. ఇదీ రాస్తుందా?"

"రాస్తుంది పిన్నీ."

"రాయనీ."

ఒక్కొక్కరే చెప్పారు. మేడ మీద నుంచి చూసినవాళ్ళు, కిటికీ సందులోంచి చూసినవాళ్ళు. నేనూ చెప్పాను. నా కుట్టు మిషను ఆపి గుమ్మంలోకి వచ్చి, "అన్నయ్యా, ఎందుకొచ్చిన గొడవ, వచ్చేయ్" అని పిలిచాను. లారీ డ్రైవరుని ఒక్క మాట అనలేదు.

అన్నయ్య దగ్గరికి నేనే ఫోను తీసుకెళ్ళాను. ఆయన చెప్పినదంతా అది దించింది. తర్వాత నేను చదివి వినిపిస్తుంటే ఒకచోట ఆపాడు.

"ఏంటీ? మళ్ళీ చదువు."

"'డ్రైవరు గారు నన్ను చూసి చిరునవ్వు నవ్వారు.'"

"నేనేమన్నాను?"

"'ఆ డ్రైవరు వెధవ నన్ను చూసి ఇకిలించాడు' అన్నావు."

"మరి?"

అడిగితే, గౌరవప్రదంగా ఉండాలని మార్చానంది గుమాస్తా. చెప్పింది చెప్పినట్టు దించమన్నాను కదా అని మీద పడ్డాను. క్షమించమంది. వెధవని తిరిగి పెట్టింది, ఇకిలింపుని మర్చిపోయింది. ఇంకోసారి అరిచాను. అప్పుడు రెండూ పెట్టింది. వదిన తలుపు దగ్గర నిలబడి వింటోంది. విచారణ రోజు తర్వాత మొదటిసారి ఆమె పెదవులు కొంచెం కదిలాయి.

"ఇది చెబితే కేసు పెడతారు," అంది అన్నయ్యతో.

"పెట్టనీ."

"పెడితే తిరగాల్సింది నేను."

"తిరుగు," అన్నాడు అన్నయ్య. మళ్ళీ తనే, "తిరుగుతావా?" అని అడిగాడు.

వదిన ఆయన ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీ వీపుకి తగిలించింది.

రెండో సిట్టింగుకి వీధంతా కదిలింది. రారనుకున్నవాళ్ళు కూడా పని మానుకుని వచ్చారు. లిఫ్టు దగ్గర అన్నయ్య రాసిన అట్ట అలాగే ఉంది. నలుగురు మగవాళ్ళు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తారు. బాబాయ్ ముందు వెనక్కి నడుస్తూ, "రైట్... రైట్... హోల్డాన్! మలుపు! రైట్ రైట్!" అని మేడ మీదిదాకా కేకలు వేశాడు. గుమాస్తాలు, బంట్రోతులు బయటికొచ్చి చూశారు. అసలు గుమాస్తాలు.

ఈసారి అధికారికి కాగితం ఇవ్వలేదు. మరిచిపోతామేమోనని ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టుకుని, నోటితోనే చెప్పారు. గుమ్మంలో ఉన్నానని నర్సు పిన్ని చెప్పింది. బాబాయ్ చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. తర్వాత జేబులోంచి పాత విజిలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నా దగ్గర ఎప్పుడూ ఉంటుందండి, అలవాటు. ఆరోజు కూడా జేబులోనే ఉంది. ఊదితే ఏ డ్రైవరైనా బ్రేకు మీద కాలేస్తాడు, అది వాళ్ళకీ అలవాటే. నేను ఊదలేదు."

అన్నయ్య వైపు చూడలేక విజిలు తీసుకుని వచ్చి కూర్చున్నాడు.

అన్నయ్య తన మాట తను చెప్పాడు, వెధవతో సహా. లాయరు ఈ అవకాశం కోసమే చూస్తున్నట్టు లేచాడు.

"అంటే మీరు కావాలనే వాహనాన్ని అడ్డగించారు. పోలీసులకు అబద్ధం చెప్పారు. ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నాను."

"దీని మీద మీపై చర్య తీసుకోవచ్చు, తెలుసా?" అన్నాడు అధికారి. నిజంగానే హెచ్చరించాడనిపించింది.

"తెలుసండి. రాసుకోండి."

"పిల్లల్ని కాపాడాలని నిలబడ్డారా?" అన్నాడు లాయరు, పాత కథ మళ్ళీ దొరుకుతుందేమోనని.

"కాదు. నాకు ఒళ్ళు మండి నిలబడ్డాను. ఆ టైముకి రాకూడదు, వచ్చాడు. పొమ్మంటే ఇకిలించాడు. అంతే."

చివరికి వదినని పిలిచారు. ఆమె చేతిలో కాగితం లేదు. ఆమెను ఏమీ అడగొద్దని గుమాస్తాకి నేనే చెప్పాను. మళ్ళీ ఆమె జోలికి దాన్ని పంపే ధైర్యం నాకు లేకపోయింది. వదిన లాయరు ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"పోయినసారి మీరు మా అమ్మాయి ఏ తరగతని అడిగారు. మాకు అమ్మాయి లేదు. అబ్బాయీ లేడు. మా వీధిలో బడికెళ్ళే పిల్లల్లో సగం మంది పేర్లు నాకు తెలీవు. మా గోడ మీద పిచ్చిగీతలు గీస్తారు, నేను తిడతాను. వాళ్ళంటే నాకేం ప్రేమ పొంగిపోదు. అయినా ఆ టైముకి లారీ రాకూడదు. ఈ మాట అనడానికి నాకో కూతురుండాలా? ఉండి, దాన్ని లారీ కింద వేసి చూపించాలా? చూపిస్తేగానీ మీకు వినపడదా?"

వదిన నా వైపు చెయ్యి చూపించింది.

"చదివితే మనసు కరగాలని నా మరదలు రాయించింది. పిచ్చిది. మీ మనసుతో మాకేం పని? ఉత్తర్వుంది. దాన్ని ఉంచండి."

లాయరు కాగితాలు సర్దుకున్నాడు. అధికారి పక్కనున్న మనిషితో, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకోమన్నాడు.

ఉత్తర్వు మిగిలింది. బడి వేళల్లో లారీలు రాకూడదు. మిగతా వేళల్లో ఎన్నైనా రావచ్చని దాని కిందే ఇంకో ముక్క చేర్చి గోదామువాళ్ళనూ సంతోషపెట్టారు, ఇప్పుడు చీకటి పడితే ఇళ్ళు అదురుతున్నాయి. వాహనాన్ని అడ్డగించినందుకు అన్నయ్యకు నోటీసు కూడా వచ్చింది. వదిన సెలవులు పెట్టి తిరుగుతోంది. సగం గెలిచినవాళ్ళని ఎలా ఏడిపించాలో ఆఫీసులకు బాగా తెలుసు. రాత్రి లారీల మీద మేము మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ప్రతిదీ షాపులో పైకి చదివాకే సంతకాలు.

బడి తెరిచిన రోజు పొద్దున్న బాబాయ్ వీధి మొదట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లారీ ముక్కు కనపడగానే విజిలు ఊదాడు. లారీ టక్కున ఆగింది. కిటికీలోంచి అన్నయ్య, ఆగినందుకు కూడా దాన్ని నానా తిట్లూ తిట్టాడు. పిల్లలు నేను కుట్టిన యూనిఫాముల్లో, చేతులు పొడుగైనవాళ్ళు మడిచి, పొట్టివైనవాళ్ళు లాక్కుంటూ, నడి వీధిలో పోతున్నారు. ఒక పిల్ల ఆగి మా గోడ మీద బొగ్గుతో ఏదో గీయబోయింది. వదిన తడిగుడ్డ పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏయ్! ఏ తరగతే నువ్వు?" అని కసిరింది.

"మూడు," అంది ఆ పిల్ల, బొగ్గు వెనక్కి దాచుకుంటూ.

నేను మిషను తొక్కడం ఆపేశాను. వదిన ఆ పిల్ల వైపు కాసేపు చూసింది. తర్వాత "మూడుకొచ్చినా బుద్ధి లేదా, పో, గంట కొడతారు" అని అరిచి, గోడ తుడవడం మొదలుపెట్టింది.